లేదన్నదాని నాడి

మహాశివరాత్రి తిరునాళ్ళలో రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో కోటప్పకొండ కింద నిలబడ్డవాళ్ళెవరూ ఆకాశం వంక చూసి ఉండరు. చూసే తీరిక ఉండదు. ఊరూరి నుంచీ కట్టుకొచ్చిన ప్రభలు తొంభై అడుగుల ఎత్తున నిలబడి ఉంటాయి. వాటి నిండా బల్బులు ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరుతూ పైకి పాకుతుంటాయి, కిందికి జారుతుంటాయి. జనరేటర్ల హోరు, డప్పులు, మైకులు, చెరుకు గడల బేరాలు, "చేదుకో కోటయ్యా" అంటూ కొండెక్కేవాళ్ళ కేకలు. మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తినా చూపు ప్రభ కొస దగ్గరే ఆగిపోతుంది.

ఈసారి వెళ్ళినప్పుడు ఆ కొస దాటి ఇంకాస్త పైకి, నడినెత్తికి చూడండి. నెత్తి నుంచి కాస్త దక్షిణంగా జారి ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. రుద్రుడే అధిదేవత, శివరాత్రికి తగిన నక్షత్రమే. ఈశాన్యం వైపు పక్కపక్కనే కనిపించే జంట పునర్వసు. ఆర్ద్ర నుంచి పునర్వసుకు మనసులో ఒక దారం లాగి, సగం దారికి కొంచెం ఇవతల ఆగండి. అక్కడ మీకు ఏమీ కనపడదు. కనపడకపోవడమే ఈ అధ్యాయానికి ముడిసరుకు.

కోటప్పకొండ ఉన్నది 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన. నేను చెబుతున్న చోటు ఆకాశపటంలో 17 ముప్పావు డిగ్రీల దగ్గర ఉంది. అంటే త్రికూటేశ్వరుడి గుడికి అది దాదాపు నిలువునా పైన, మూడు పున్నమి చంద్రుల వెడల్పంత ఎడంగా, దాటిపోతుంది. అక్కడున్నది ఒక న్యూట్రాన్ తార. నరసరావుపేట నుంచి కొండకు వచ్చి మళ్ళీ పేటకు పోయినంత దూరం ఉంటుంది దాని వ్యాసం; బరువులో మాత్రం సూర్యుణ్ణి మించుతుంది. సెకనుకు నాలుగుసార్లకు పైగా బొంగరంలా తిరుగుతోంది. మనకు ఇంచుమించు 800 కాంతి సంవత్సరాల దూరం. ఈ రాత్రి మన మీద పడుతున్న దాని కిరణాలు బయలుదేరేటప్పటికి ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్నాడు. పల్నాటి యుద్ధం సంగతులు జనం నోళ్ళలో ఇంకా పచ్చిగానే ఉండి ఉంటాయి.

దాని పేరు గెమింగా. గామా కిరణాలను చూడగల కన్ను మనకుంటే ఆకాశంలో బాగా కొట్టొచ్చినట్టు కనిపించేవాటిలో అదొకటి. అయినా అదేమిటో తేలడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆఖరికి దాని గుట్టు బయటపెట్టినవి ఎక్స్ కిరణాలు.

*

మా చిన్నప్పుడు ఒకసారి ఇదే తిరునాళ్ళలో మా మేనమామ కొడుకు తప్పిపోయాడు. మైకులో చెప్పించాం. కాసేపటికి ఎవరో వచ్చి, "కావూరు ప్రభ వైపు ఒక పిల్లాడు ఏడుస్తున్నాడయ్యా" అన్నారు. ప్రభ చుట్టూ వేల మంది. ఏడుస్తున్న పిల్లలు పది మందైనా ఉంటారు. "వైపు" అన్న మాట ఎంత పనికిరానిదో ఆ రాత్రి తెలిసింది. చివరికి మామయ్య పిల్లాణ్ణి పట్టుకున్నది బూర వల్ల. అరగంట ముందే కొనిచ్చిన తాటాకు బూర. వాడికో అలవాటుండేది: రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. దారంతా చెవులు చిల్లులు పడేట్టు ఊదుతుంటే మామయ్య రెండుసార్లు కసిరాడు కూడా. ఆ గోలలో మామయ్య కళ్ళు మూసుకుని నిలబడి, ఆ వరస వినపడ్డ వైపు నడిచాడు.

గామా కిరణాల ఖగోళశాస్త్రం మొదటి ఇరవై ఏళ్ళు "ప్రభ వైపు" దగ్గరే ఉండిపోయింది.

1972 నవంబరు 15న కెన్యా తీరానికి అవతల సముద్రంలో నిలబెట్టిన శాన్ మార్కో వేదిక మీద నుంచి శాస్-2 అనే చిన్న ఉపగ్రహం పైకెళ్ళింది. 1973 జూన్‌లో దానికి కరెంటు సరఫరా దెబ్బతిని మూగబోయింది. బతికిన ఆ ఏడు నెలల్లోనే గామా ఆకాశంలో మూడు గట్టి చుక్కలు చూపింది. రెండు ముందే తెలిసినవి: క్రాబ్ పల్సార్, వేలా పల్సార్. పల్సార్ అంటే తిరుగుతూ చుట్టుకోసారి లయగా కిరణాలు చిమ్మే న్యూట్రాన్ తార. మూడోది మిథున రాశిలో ఉంది. అక్కడ రేడియో టెలిస్కోపులకు ఏమీ దొరకలేదు, మామూలు టెలిస్కోపులకూ చెప్పుకోదగ్గది దొరకలేదు. 1975లో యూరప్ వాళ్ళు పంపిన కాస్-బి ఏడేళ్ళ దాకా పనిచేసి 25 గామా చుక్కల జాబితా ఇచ్చింది. వాటిలో ఇది ఫలానా వస్తువు అని చెప్పగలిగినవి నాలుగే. మిగతా 21కి గామా ముద్ర తప్ప ఊరూ పేరూ లేదు.

ఎందుకిలా? గామా కిరణాన్ని అద్దంతో వంచి ఒకచోటికి చేర్చలేం. అద్దాన్ని దూసుకుని పోతుంది. పట్టుకోవాలంటే దారిలో బరువైన లోహపు రేకులు పెట్టాలి. అక్కడ కిరణం చచ్చి ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ పుడతాయి. ఆ రెండూ పోయిన జాడలను బట్టి కిరణం ఎటు నుంచి వచ్చిందో ఊహించాలి. ఆ రోజుల పరికరాలతో అలా గీసిన గురి డిగ్రీ అటూ ఇటూ ఉండేది. ఒక డిగ్రీ అంటే ఆకాశంలో రెండు చంద్రుల వెడల్పు. పాలపుంత మీద ఆ మేరలో వేల నక్షత్రాలుంటాయి.

మిథునంలోని ఈ మూడో చుక్కకు పేరు పెట్టింది ఇటలీ శాస్త్రజ్ఞుడు జొవాన్నీ బిన్యామి. జెమిని, గామా అనే రెండు మాటలను కలిపి గెమింగా అన్నాడు. అందులో ఒక కొంటెతనం ఉంది. ఆయన ఊరు మిలాన్ వైపు యాసలో "గె మింగా" అంటే "లేదు, అక్కడ లేదు" అని. శాస్త్రజ్ఞులు పెట్టే పేర్లు చాలావరకు అంకెల బస్తాలు. ఇదొక్కటి మాత్రం నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వు తెప్పిస్తుంది. ఒక వస్తువు వెంట పడుతూ, దానికి "లేదు" అని పేరు పెట్టుకోవడానికి గుండె నిబ్బరం కావాలి.

బిన్యామి, ఆయన భార్య పత్రీత్సియా కరవేయో ఐన్‌స్టైన్ అనే ఎక్స్ కిరణ ఉపగ్రహంతో ఆ ప్రాంతాన్ని జల్లెడ పట్టారు. ఎక్స్ కిరణాలతో ఒక వెసులుబాటు ఉంది. వాటిని నున్నటి అద్దం మీద దాదాపు సమాంతరంగా, చెరువు మీద పెంకు విసిరి కప్పగంతులు వేయించినట్టు, జారనిస్తే వంగుతాయి. కాబట్టి బొమ్మ తీయొచ్చు, గురి డిగ్రీలు పోయి సెకన్లలోకి వస్తుంది (ఇవి గడియారం సెకన్లు కావు, డిగ్రీలో 3,600వ వంతు). 1983లో వాళ్ళు డాన్ లాంబ్‌తో కలిసి ఒక ఎక్స్ కిరణ చుక్కను చూపి, ఇదే గెమింగా అయి ఉండాలన్నారు. తరువాత ఆ చోటనే ఒక మసక నక్షత్రాన్నీ పట్టారు. కంటికి ఆనీ ఆనని చుక్క కన్నా అది ఆరు కోట్ల రెట్లు మసక. ప్రభ దగ్గర ఉన్న పిల్లలలో ఒకణ్ణి చూపించి "వీడే కావచ్చు" అనడం వంటిది ఇది. బూర వినపడాలి.

*

వినపడిందని ముందే కొందరు అనుకున్నారు. 1977లో శాస్-2 కిరణాలను తిరగేసి, 59 సెకన్లకోసారి ఒక లయ ఉన్నట్టుందని ఒక బృందం రాసింది. 1984లో ఎక్స్ కిరణాల్లోనూ అదే లయ కనపడిందన్నారు. రెండు చోట్లా ఒకే అంకె వస్తే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది. మరుసటి ఏడు ఇంకొందరు లెక్క మళ్ళీ వేసి, ఇందులో సత్తా లేదని తేల్చారు. అది పెద్ద తప్పేమీ కాదు. కొన్ని పదుల కిరణాలను పట్టుకుని వేల వేల పీరియడ్లతో సరిచూస్తే ఏదో ఒకటి కాకతాళీయంగా కుదురుతుంది. వంద చీట్లు తీసినవాడికి లాటరీ తగిలితే అది వాడి జాతకబలం అనలేం గదా. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఒక లయ దొరకగానే ముందు వేసుకునే ప్రశ్న "ఎంత బలంగా ఉంది" అని ఉండదు. "ఎన్నిసార్లు వెతికితే దొరికింది" అని ఉంటుంది.

లయను వెతకడమంటే అసలు ఏం చేస్తారో దగ్గరగా చూడాలంటే నేను పోచంపల్లి మగ్గం దగ్గరికి తీసుకుపోతాను. అక్కడ చీరకు ముందు బట్ట నేసి తరువాత పూలు అద్దరు. నూలుకే, నేయకముందే, అక్కడక్కడా ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఆ పేక నూలును విడిగా చూస్తే ఏముంది? పొడుగాటి దారం, దాని మీద ఎక్కడెక్కడో రంగు మచ్చలు. అదే దారం మగ్గం మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వరసలుగా పడ్డప్పుడు, బట్ట పన్నా ముందు లెక్క వేసుకున్నంతే ఉంటే, మచ్చ కింద మచ్చ వచ్చి పువ్వు తేలుతుంది. పన్నా వెంట్రుకవాసి తేడా వచ్చినా ప్రతి వరసకూ మచ్చ కాస్త పక్కకు జరుగుతుంది. పది వరసలకు తెలియదు. వెయ్యి వరసలకు పువ్వు మాయమై బట్టంతా రంగు నలిపినట్టు ఉంటుంది.

ఉపగ్రహం పంపేది ఆ దారమే. మచ్చలంటే కిరణాలు వచ్చి తగిలిన క్షణాలు. పన్నా అంటే పల్సార్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం. ఆ సమయం ఎంతో ముందు తెలియదు. ఒక్కో విలువా తీసుకుని దారాన్ని ఆ వెడల్పున పరచి చూడాలి. పువ్వు తేలిందా, లేదా? లేకపోతే ఇంకో వెడల్పు.

ఇప్పుడు అంకెలు వేసుకుందాం. గెమింగా పీరియడ్ 0.2371 సెకను. ఏడాదికి అది 13 కోట్ల 30 లక్షల చుట్లు తిరుగుతుంది. మన బట్టకు అన్ని వరసలు. గామా కిరణాలు చాలా అరుదుగా వస్తాయి కాబట్టి ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వందల వరసలు మచ్చ లేకుండానే పోతాయి. పువ్వు తేలడానికి సరిపడా మచ్చలు పోగు కావాలంటే నెలలు, ఏళ్ళు కావాలి. ఏడాది పొడవునా పువ్వు చెదరకుండా ఉండాలంటే పన్నాను నూరు కోట్లలో ఒక వంతు దాకా సరిగ్గా పట్టుకోవాలి. సెకనుకు ఇరవై చుట్ల వేగం దాకా ఏదైనా కావచ్చు అనుకుని వెతికితే ఏడాది కిరణాలకు ఇంచుమించు 63 కోట్ల వెడల్పులు పరచి చూడాలి.

అక్కడితో అయిపోలేదు. ఈ బొంగరం నెమ్మదిస్తోంది. తిరిగే శక్తినే కిరణాలుగా ఖర్చు పెడుతోంది మరి. ఆ నెమ్మదింపు ఎంత సూక్ష్మమంటే ఏడాది గడిచాక దాని చుట్టు సమయం సెకనులో 30 లక్షలవ వంతు పెరుగుతుంది. అంతేగదా అనిపిస్తుంది. కానీ పెరుగుదల వరస మీద వరస పేరుకుపోయి ఏడాది చివరకు లెక్క 97 చుట్లు తప్పుతుంది. నేతగాడు నేస్తున్న కొద్దీ మగ్గం కొంచెం కొంచెం వెడల్పవుతోందన్నమాట. ఎంత వెడల్పవుతోందో కూడా ఊహించి, ఆ 63 కోట్లలో ఒక్కోదానికీ మళ్ళీ వరసగా సరిచూడాలి.

మూడో చిక్కే అసలుది. మనం కూర్చున్న పీటే ఊగుతోంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆరు నెలలు గెమింగా వైపు జరుగుతుంది, ఆరు నెలలు దూరం జరుగుతుంది. దాంతో కిరణాలు సూర్యుడి దగ్గరుంటే వచ్చే వేళకు దాదాపు 500 సెకన్లు ముందూ వెనకా అవుతాయి. దీన్ని సరిచేయొచ్చు, కష్టం కాదు; కానీ సరిచేయాలంటే చుక్క ఆకాశంలో కచ్చితంగా ఎక్కడుందో తెలియాలి. చోటు ఒక డిగ్రీ తప్పయితే ఈ సవరణలో దాదాపు తొమ్మిది సెకన్ల తప్పు దొర్లుతుంది. ఆ తొమ్మిది సెకన్లలో గెమింగా 37 చుట్లు తిరిగేస్తుంది! చోటు తెలియకపోతే లయ దొరకదు. గామా కిరణాలు చోటు చెప్పలేవు. ఇదీ ముడి.

ఎక్స్ కిరణాలు ఆ ముడిని రెండు వైపుల నుంచీ విప్పాయి. చోటును డిగ్రీ నుంచి కొద్ది సెకన్ల కోణానికి దించితే సవరణలో తప్పు మిల్లీసెకన్లకు పడిపోతుంది. రెండోది, ఎక్స్ కిరణాలు దండిగా వస్తాయి. ఆ తార ఒంటి వేడి ఇంచుమించు అయిదు లక్షల డిగ్రీలు. ఆ వేడికే మెత్తటి ఎక్స్ కిరణాలు పుడతాయి. మచ్చలు దట్టంగా పడ్డ దారం చిన్న ముక్క అయినా చాలు. ఒక్క రోజు దారమైతే 63 కోట్ల వెడల్పుల బదులు 17 లక్షలు చూస్తే సరిపోతుంది. ఆ కొద్దిపాటి సమయంలో నెమ్మదింపు గొడవ కూడా పట్టించుకోనక్కర్లేదు.

1990 జూన్‌లో జర్మనీ ఉపగ్రహం రోశాట్ వెళ్ళింది. అది చూసిన గెమింగా ఎక్స్ కిరణాలను కొలంబియా యూనివర్సిటీ జూల్స్ హాల్పెర్న్, నాసా గొడార్డ్ కేంద్రం స్టీఫెన్ హోల్ట్ పరచి చూశారు. పువ్వు తేలింది. 237 మిల్లీసెకన్లు. 1992 మే 21 నాటి 'నేచర్' పత్రికలో ఆ సంగతి వచ్చింది. వారం తిరిగే సరికి, మే 28 సంచికలో, కాంప్టన్ ఉపగ్రహం మీది ఈగ్రెట్ పరికరం వాళ్ళు తమ గామా కిరణాలను అదే పన్నాలో పరచి అక్కడా పువ్వు ఉందని చూపారు.

ఆ తరువాత జరిగిందే నాకు అన్నిటికన్నా ఇష్టం. బిన్యామి, కరవేయో అటక మీది కాస్-బి టేపులు దించారు. పదేళ్ళు దాటిన కిరణాలు. పన్నా తెలిసింది, చోటు తెలిసింది, పరచగానే పువ్వు. ఇంకో బృందం ఇంకా వెనక్కి, శాస్-2 దాకా పోయింది. ఇరవై ఏళ్ళ కిందటి కిరణాలు, ఒక నోటుబుక్కులో రాసేసుకోగలిగినన్ని. అందులోనూ ఉంది. ఆ ఉపగ్రహం మూగబోయే ముందు పంపిన కాగితాల్లోనే జవాబు మొదటి రోజు నుంచీ పడి ఉంది. 59 సెకన్ల భ్రమ పుట్టింది కూడా ఆ కాగితాల్లోంచే. పైగా, ఇన్నేళ్ళ తేడాతో లయను కొలిచారు కాబట్టి బొంగరం ఎంత నెమ్మదిస్తోందో కచ్చితంగా తేలింది. దాన్ని బట్టి దాని వయసు మూడున్నర లక్షల ఏళ్ళకు దగ్గరని లెక్క కట్టారు.

కోటప్పకొండ గొల్లభామ కథ ఎరిగినవాళ్ళకు ఇక్కడ ఒక తమాషా తోస్తుంది. స్వామి ఆనందవల్లితో వెనక్కి తిరిగి చూడొద్దన్నాడు. ఆమె చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. ఇక్కడ వెనక్కి తిరిగి చూసినవాళ్ళకే దొరికింది. నన్నడిగితే ఒక దేశం ఉపగ్రహం కట్టడానికి పెట్టే ఖర్చులో, అది పంపిన పాత అంకెలను చెదలు పట్టకుండా దాచే పద్దు కూడా మొదటి రోజే రాసుకోవాలి.

*

ఈ కథలో మన పేర్లు లేకపోలేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞుడు పి.వి. రమణమూర్తి, ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ వుల్ఫెన్‌డేల్ కలిసి రాసిన 'గామా-రే ఆస్ట్రానమీ' గ్రంథం 1986లో కేంబ్రిడ్జి నుంచి వచ్చింది. గెమింగా లయ బయటపడ్డాక రమణమూర్తి, ఆయన సహచరులు కూడా వెనక్కి తిరిగి చూశారు. 1980లలో ఊటీ కొండల మీద పెద్ద అద్దాలు పెట్టి పట్టిన, ఇంకా ఎన్నో రెట్లు శక్తి ఉన్న గామా కిరణాల లెక్కలు తీసి ఆ పన్నాలో పరచారు. లయ జాడ ఉందని 1993లో రాశారు. ఆ శక్తుల వద్ద తరువాతి టెలిస్కోపులకు అది చిక్కలేదు. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఈ పని ఎప్పుడూ అంచు మీదే సాగుతుంది. ఆయన ఆ తరువాత ఈగ్రెట్ కిరణాల మీద కూడా పనిచేశారు.

ఎక్స్ కిరణాలను వాతావరణం కిందికి రానివ్వదు. పైకి పోవాలి. ఉపగ్రహాలు మనకింకా అందని 1960ల చివర్లోనే హైదరాబాద్ నుంచి ఉల్లిపొరంత పల్చటి పాలిథీన్ బెలూన్లు కట్టి ఎక్స్ కిరణ పరికరాలను 40 కిలోమీటర్ల దాకా పంపారు టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు. ఇప్పటికీ ఈసీఐఎల్ దగ్గరి బెలూన్ కేంద్రం నుంచి పంపేటప్పుడు, ఆకాశం నుంచి పెద్ద పారాచూట్‌తో పెట్టె పడితే తాకొద్దు, కబురు చేయండి అని పత్రికల్లో వేయిస్తుంటారు. ఏ రైతు చేలోనో దిగుతుంది, ఊరంతా చుట్టూ చేరుతుంది. బెలూన్‌కు దొరికేది కొద్ది గంటలే. మసక చుక్కల పన్నా పట్టుకోవడానికి అది చాలదు.

2015 సెప్టెంబరు 28 పొద్దున పది గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి30 తీసుకెళ్ళిన ఆస్ట్రోశాట్ ఆ కొరత తీర్చింది. మొత్తం 1,515 కిలోలు. అందులోని లాక్స్‌పీసీ అనే పరికరం ఒక్కో ఎక్స్ కిరణం వచ్చిన వేళను సెకనులో లక్షవ వంతు దాకా గుర్తు పెట్టగలదు. కానీ మన కథకు దగ్గరగా వచ్చేది దాని పక్కనున్న సీజెడ్‌టీఐ. కాడ్మియం, జింక్, టెల్యూరియం కలిపిన స్ఫటికపు పలకలు, వాటి మీద 16,384 గళ్ళు. ఎక్కడ గురి పెడితే అక్కడే చూడాలని దాని చుట్టూ గోడలు కట్టారు. అయితే 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ఎక్స్ కిరణాలకు ఆ గోడలు పల్చటి తడికలు. పక్కింట్లో రుబ్బురోలు తిప్పుతుంటే మన వంటింట్లో వినపడదూ, అలా అన్ని దిక్కుల నుంచీ కిరణాలు లోపలికి వచ్చేస్తుంటాయి. గురి పెట్టి బొమ్మ తీయాలనుకునేవాడికి ఇది తలనొప్పి.

కొందరు దీన్నే పనిముట్టుగా మలిచారు. ఆస్ట్రోశాట్ వేరే ఏదో చూస్తున్నప్పుడు, క్రాబ్ పల్సార్ దాని గురికి 5 నుంచి 70 డిగ్రీల ఎడంగా ఎక్కడో పక్కన ఉన్నప్పుడు తడిక దూరి వచ్చిన కిరణాలను పోగేశారు. మొత్తం 50 లక్షల సెకన్లు, అంటే 58 రోజుల దారం. క్రాబ్ పన్నా తెలిసిందే గనక ఆ వెడల్పున పరచారు. పువ్వు ఏ అనుమానానికీ తావు లేనంత స్పష్టంగా తేలింది. 2021లో అచ్చయిన ఆ పరిశోధనా పత్రం ఒక మాట ధీమాగా చెప్పింది: క్రాబ్‌లో నూరోవంతు వెలుగున్న గామా పల్సార్ల దాకా ఈ పద్ధతితో ఎక్స్ కిరణాల లయ వెతకొచ్చు. గురి పెట్టనక్కర్లేదు, ఎవరి సమయమూ అడగనక్కర్లేదు. ఉపగ్రహం ఎవరి పని మీద ఉన్నా గోడకు చెవి ఆనించి వింటుండవచ్చు.

దీనికి ముందుగా లయ తెలిసి ఉండాలన్న షరతు ఉందని గమనించే ఉంటారు. ఆ లయ ఇప్పుడు ఎక్కువగా గామా వైపు నుంచే వస్తోంది. 2008 జూన్ 11న వెళ్ళిన ఫెర్మి ఉపగ్రహం ఆట తిరగేసింది. దాని గామా కన్ను వెనకటి వాటి కన్నా పెద్దది, గురి మెరుగు. ఎప్పుడూ ఆకాశమంతా చూస్తూనే ఉంటుంది. వెళ్ళిన ఏడాదే సీటీఏ-1 అనే పాత నక్షత్రపు శిథిలంలో ఒక పల్సార్‌ను గామా కిరణాలతోనే, ఏ సాయమూ లేకుండా పట్టుకుంది. ఎక్స్ కిరణాల్లో దాని లయ ఆ తరువాత యూరప్ వాళ్ళ ఎక్స్ఎంఎం-న్యూటన్ కంటబడింది. "రెండో గెమింగా" అని ఏళ్ళ తరబడి అనుమానిస్తూ, ఎక్స్ కిరణ చుక్క చూపించగలిగినా లయ పట్టుకోలేకపోయిన ఇంకొకదానికి కూడా ఫెర్మియే 173 మిల్లీసెకన్ల లయ తేల్చింది. ఒకప్పుడు ఎక్స్ కిరణాలు ముందు నడిచి గామాకు దారి చూపాయి. ఇప్పుడు చాలాసార్లు గామా ముందు, ఎక్స్ కిరణాలు వెనక.

వెనక నడిచేవాటికి పని లేదనుకోవద్దు. జంటతారల చుట్టూ గిరగిరా తిరిగే మిల్లీసెకను పల్సార్లకు ఊగే పీటలు రెండు: మనదొకటి, వాటిదొకటి. గామా కిరణాలు ఒక్కటే పట్టుకుని వాటి పన్నా వెతకడం ఇప్పటికీ నరకమే. అలాంటివి ఎక్స్ కిరణాల్లో మెరిస్తే ముందు చోటు కచ్చితంగా తెలుస్తుంది. రేడియో టెలిస్కోపులను అటు తిప్పొచ్చు. పుణె దగ్గర నారాయణ్‌గావ్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో జయంత రాయ్ బృందం ఇలా ఒకదాన్ని పట్టింది. ఎక్స్ కిరణాల్లో ముందే తెలిసిన, ఫెర్మి గామా చుక్కతో సరిపోయే చోట 1.69 మిల్లీసెకన్ల పల్సార్. 2015లో రాశారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల బిగించిన నైసర్ టెలిస్కోపు కూడా 2017లో మొదలుపెట్టి ఇలాంటి చుక్కల నాడి చూసింది.

2020లో అచ్చయిన ఫెర్మి నాలుగో జాబితాలో 5,064 గామా చుక్కలున్నాయి. 2023 నాటికి ఫెర్మి కిరణాల్లో పల్సార్లని తేలినవి 294. ఫెర్మికి ముందు అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఇక, ఆ నాలుగో జాబితాలో ఫలానా అని చెప్పడానికి ఏ వస్తువూ కనపడనివి 1,336. కాస్-బి వదిలిన 21 నుంచి ఇక్కడికి వచ్చాం. తెలిసింది పెరిగిన కొద్దీ తెలియనిది కూడా ఇంత పెరగడం చూసి కొందరు నిట్టూరుస్తారు. నాకు మాత్రం తిరునాళ్ళ పెద్దదవుతోందనే అనిపిస్తుంది. ఇంతమంది బూరలు ఊదుతున్నారు, ఎవరిది ఏ వరసో వినాలి. ఇంటి కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఈ పన్నాలు పరచి చూసే పని దానికి అప్పజెప్పాలనుకునేవాళ్ళకు ఐన్‌స్టైన్@హోమ్ అనే ఏర్పాటు ఉంది. ఫెర్మి పల్సార్లు కొన్ని దొరికింది అలా మామూలు జనం కంప్యూటర్లలోనే. ఆస్ట్రోశాట్ పంపిన లెక్కలు కూడా ఇస్రో వారి భాండాగారంలో ఎవరైనా తీసుకునేలా ఉంచారు. కాలేజీ పిల్లలు తీసి చూడొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వచ్చే శివరాత్రికి కొండకు వెళ్తే ప్రభలన్నీ చూడండి, జీళ్ళు కొనుక్కోండి, పిల్లలకు బూర కొనివ్వండి. తొమ్మిది గంటలు కొట్టే లోపు ఎప్పుడో ఒకసారి, ఆర్ద్రకూ పునర్వసుకూ నడుమ ఏమీ లేని ఆ చోటు వంక ఒక్క నిమిషం చూడండి. ఆ నిమిషంలో గెమింగా 253 చుట్లు తిరిగి ఉంటుంది.